కొంగలదిబ్బకు దారి

ప్రకృతిని కాపాడడానికి మానవజాతి కనిపెట్టిన సాధనాలన్నిటిలోకీ గొప్పది ప్రశ్న. ఈ సంగతి 2003లో మా ఉద్దానం తీరంలోనే రుజువైంది.

మా రేవుకెదురుగా, ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట కొంగలదిబ్బ అనే చిన్న ద్వీపం ఉంది. మొగలిపొదలు, గూడకొంగలు, గుడ్లు పెట్టడానికొచ్చే తాబేళ్లు. దాన్ని జనానికి చూపించడానికి ద్వీపసందర్శన కార్యాలయం వెలిసింది. (తాటాకు పాక, ఒక బల్ల, తారకేశ్వరరావుగారు.) నిబంధన ఒకటే: పడవ ఎక్కబోయే ప్రతి మనిషినీ ‘ఎక్కడికి?’ అని అడగాలి. ఆ పడవ దిబ్బకు తప్ప మరెక్కడికీ పోదు. అయినా అడగాలి.

మా రేవువాళ్లను బయలుదేరేటప్పుడు ఎక్కడికని అడగకూడదు. అడిగితే వెనక్కి తిరిగి, కాసేపు కూర్చుని, గుక్కెడు నీళ్లు తాగి మళ్లీ బయలుదేరాలి. సముద్రం మీద బతికేవాళ్లం, ఇలాంటివాటితో పరాచికాలాడం.

నా ఆడపడుచు కాసులమ్మ ఆ దిబ్బను పుట్టిన దగ్గర్నుంచీ ఒడ్డు మీంచి చూడడమే. తెల్లారితే పారాదీప్‌లో కూతురి దగ్గరకు, ఇక అక్కడే ఉండిపోవడానికి, వెళ్లిపోతోంది. ఈలోగా నాతో కలిసి ఒక్కసారి దిబ్బ మీద కాలుపెట్టాలంది. (నాకు పడవంటే భయం. ఆమె ప్రయాణమంటే ఇంకా భయం. సరేనన్నాను.)

“ఎక్కడికమ్మా?” అన్నారు తారకేశ్వరరావుగారు.

పడవలో పెట్టబోయిన కాలు కాసులమ్మ వెనక్కి తీసేసింది. “బయల్దేరినోళ్లని అలగ అడుగుతారేటి బాబూ? పద ఒదినా, కూసుందుం.”

కూర్చున్నాం. నీళ్లు తాగాం. వచ్చాం.

“ఎక్కడికమ్మా?”

“ఇందాకే సూసినావు కదేటి! నీ నోట్లో ఇసక పొయ్యా!”

“ఇందాకటిది రద్దయిపోనాది పిన్నీ. రూలు నాను రాసినానేటి?”

“నోటితో ఒద్దు, కళ్లతో అడగరాదేటి?”

“కళ్లకి రూలు లేదు పిన్నీ.”

మధ్యాహ్నానికి రేవంతా కూర్చున్నవాళ్లే. జీపులో వచ్చిన పై అధికారులు సందర్శకుల రద్దీకి ముచ్చటపడి, అక్కడికక్కడే సిమెంటు బల్లలూ, ఒక నీళ్ల కుండా మంజూరు చేశారు. కుండ దగ్గర క్రమశిక్షణ కోసం గోవిందరావు అనే ఉద్యోగిని కూడా వేశారు. నీళ్లు తాగి లేచినవాళ్లను ఆయన మర్యాదగా అడిగేవాడు, ఎక్కడికని.

పొద్దు వాలేసరికి ఏట్లో నీరు తీసింది. పడవ బురదలో కూర్చుంది (నీళ్లు తాగకుండానే). పక్షులకూ తాబేళ్లకూ రవ్వంత ఇబ్బంది కలిగించని సందర్శనకు ఆదర్శమని మా రేవును పైనుంచి మెచ్చుకున్నారు.

మర్నాడు పలాస స్టేషన్‌కు నేనూ వెళ్లాను. కాసులమ్మ మూట చంకన పెట్టుకుని, రైలుపెట్టె మెట్టు మీద కాలుపెట్టి, వెనక్కి తిరిగి కాసేపు అలాగే ఆగింది. (నేను అడగకూడదు, రేవుదాన్ని.) టికెట్ కలెక్టరున్నాడు, పోర్టరున్నాడు, జెండా పట్టుకుని గార్డూ ఉన్నాడు.

ఎక్కడికని అడిగినవాడు ఒక్కడూ లేడు.