సంతకం పెట్టిన గుండె

ఆ సోమవారం టైపిస్టు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా గుండె పాఠాన్ని దూరవిద్యా కేంద్రం వెబ్‌సైటులో పెట్టించాలి. పదీ అయిదుకు చెల్లెలికి ఫోన్ చేసి చెప్పాలి. తర్వాత టీ తాగాలి.

చెల్లెలికి చూపు లేదు. కంప్యూటర్ చదివి వినిపిస్తే విని చదువుకుంటుంది. పోయినేడు గుండె దగ్గరే పరీక్ష తప్పింది. పాఠం నిండా ‘పటం చూడుము’ అని ఉంటే ఏం చూస్తుంది పాపం! ఈ గురువారం మళ్లీ పరీక్ష, ఇదే ఆఖరి అవకాశం. అందుకే టైపిస్టు పదిహేను రోజులు కూర్చుని, ఏ గది ఎక్కడుందో, రక్తం ఎటు పోతుందో పటాలన్నిటినీ మాటల్లో రాసింది. తానే కళ్లు మూసుకుని విని మరీ సరిచూసుకుంది.

"సంతకం లేనిదే కాగితం గడప దాటకూడదు" అన్నాడు ఆ కేంద్రం అధికారి.

"ఇది కాగితం కాదు సార్, ఫైలు."

"అయితే ముందు కాగితం చెయ్యి."

నలభై పేజీలు అచ్చయ్యాయి. ఆయన ప్రతి పేజీ మీదా సంతకం పెట్టి, ముద్ర కొట్టి, స్కాన్ చేయించి వెబ్‌సైటుకెక్కించాడు. అక్షరాలన్నీ ఫొటోలైపోయాయి.

"అక్కా, ఇది ‘బొమ్మ’ అంటోందే" అంది చెల్లెలు ఫోన్లో. "నలభై సార్లు అంది."

అక్షరాలు చిన్నవై ఉంటాయని అధికారి తేల్చాడు. మంగళవారం పెద్ద అక్షరాలతో ఎనభై పేజీలు, ఎనభై సంతకాలు, ఎనభై బొమ్మలు. ఇబ్బందికి చింతిస్తున్నామని ఒక ఉత్తరం కూడా పంపాడు. సంతకం పెట్టి, స్కాన్ చేసి.

"అసలు ఫైలు పెడితే చాలు సార్" అని టైపిస్టు మొత్తుకుంది.

"సంతకం లేని గుండెకు పూచీ ఎవరు?"

ఆ సాయంత్రం ఆమెకు ఒళ్లు మండిపోయింది. "ఉద్యోగం పోతే పోనీ, రేపు ఫైలు ఇంటికి తెచ్చేస్తానే" అంది.

"నాకొక్కదానికేనా? ఈ కోర్సులో నాలాంటి వాళ్లు ఇంకా పదకొండు మంది ఉన్నారక్కా. వాళ్లందరికీ అక్కల్ని ఎక్కణ్ణించి తెస్తావ్? రేపు నేనే వస్తా."

బుధవారం చెల్లెలు ల్యాప్‌టాప్‌తో వచ్చి అధికారి ఎదురుగా కూర్చుంది. ఆయన ఈసారి రంగుల్లో స్కాన్ చేయించే హడావుడిలో కుర్చీలో చూసుకోకుండా తన కళ్లజోడు మీదే కూలబడ్డాడు. అది రెండు ముక్కలైంది. సరిగ్గా అప్పుడే ప్రధాన కార్యాలయం నుంచి ఈమెయిల్లో ఒక ఉత్తరం వచ్చింది. పైన ఎర్రటి పెద్ద అక్షరాలు: ‘రహస్యం. అధికారి తప్ప ఎవరూ చూడరాదు.’ లోపలి అక్షరాలు తెరకు ముక్కు ఆనించినా అలుక్కుపోయే ఉన్నాయి. బదిలీల కాలం కావడంతో ఆయనకు ముచ్చెమటలు పోశాయి.

"నేను చదవనా సార్?" అంది టైపిస్టు.

"నువ్వు చూడకూడదు, రూలు!" అని, చెల్లెలి వైపు తిరిగాడు. "ఈ అమ్మాయి ఎలాగూ చూడదు కదా. నీ కంప్యూటర్‌తో చదివించు తల్లీ."

రూలుకు ఇంత చక్కని సందు దొరికినందుకు ఆయన మురిసిపోయాడు కూడా. చెల్లెలు ఆ ఉత్తరాన్ని తన ల్యాప్‌టాప్‌లోకి పంపించుకుని, ఇయర్‌ఫోన్లు ఆయన చేతికిచ్చింది.

‘ఒకటో పేజీ. బొమ్మ. పత్రం సమాప్తం.’

"ఏం బొమ్మ?"

"తెలీదు సార్."

"బదిలీయా? ఏ ఊరికి? ఎప్పటికల్లా? అందులో అక్షరాలుంటాయి కదమ్మా!"

"ఉండే ఉంటాయి సార్. సంతకం పెట్టి స్కాన్ చేసుంటారు."

అధికారి మళ్లీ విన్నాడు. మళ్లీ బొమ్మే. ఇయర్‌ఫోన్లు తీసి చెల్లెలి వైపు తిరిగాడు.

"మూడు రోజుల నుంచీ నీకు ఇదేనా?"

"పటం వచ్చిన చోటల్లా రెండేళ్ల నుంచీ ఇదే సార్."

ఆయనకు నిజంగా సిగ్గేసింది. "ఆ అసలు ఫైలు పెట్టెయ్యమ్మా" అన్నాడు టైపిస్టుతో.

"మరి సంతకం..."

"నన్ను చంపకు. పెట్టెయ్."

పది నిమిషాలకు ల్యాప్‌టాప్ పైకే చదవడం మొదలుపెట్టింది: ‘గుండెకు నాలుగు గదులు. పై రెండూ చిన్నవి...’ చెల్లెలి వేలు బల్ల మీద ఒక్కో గదీ గీసుకుంటూ పోయింది. మధ్యలో ఆపి, పదకొండు మందికీ ఫోన్లు చేసింది. టైపిస్టుకు కళ్లనీళ్లు ఆగలేదు.

"ఇక రూలూ లేదు గీలూ లేదు, ఆ ఉత్తరం కూడా చదివెయ్" అన్నాడు అధికారి టైపిస్టుతో, దేనికైనా సిద్ధపడి.

సంతకాలు చేసిన పత్రాలను ఇంత శ్రద్ధగా అందిస్తున్నందుకు కేంద్రాన్ని మెచ్చుకుంటూ, పైవాళ్లు ఇంకొక స్కానర్ మంజూరు చేశారు.