కట్టుబట్టల పెద్దకోడలు

ఆ శనివారం పొద్దున్న పెద్దకోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం నాలుగింటికి అత్తగారు టీకి వచ్చేలోగా తన బీరువాలో పంతొమ్మిది జతల బట్టలే మిగలాలి. పద్దెనిమిదైనా పరవాలేదు గానీ ఇరవై మాత్రం ఉండకూడదు. ఎందుకంటే చిన్నకోడలి బీరువాలో ఇరవై ఉన్నాయి.

చిన్నకోడలు బడిలో పిల్లలకు బొమ్మలు గీయడం నేర్పే టీచరు. నెల కిందట తన బట్టలన్నీ మంచం మీద కుప్ప పోసి, అక్కర్లేనివి పంచిపెట్టి, ఇరవై జతలతో సరిపెట్టుకుంది. అన్నీ తెలుపు, నీలం, బూడిదరంగు. హ్యాంగర్లన్నీ ఒకే వైపు తిరిగి, మధ్యమధ్య రెండు వేళ్ళ సందుతో వేలాడుతుంటాయి. కొత్తది ఒకటి కొంటే పాతది ఒకటి ఎవరికో ఇచ్చేస్తుందట. అత్తగారు ఉండేది చిన్నకొడుకు ఇంట్లోనే. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ళు ఇచ్చేముందే ఆ బీరువా తలుపు తీసి చూపిస్తున్నారు. గ్యాసు తెచ్చినవాడు సిలిండరు భుజం మీంచి దించకుండానే చూడాల్సి వచ్చింది.

పెళ్ళయి పదిహేనేళ్ళు. అంతకాలం ఆ ఇంట్లో ఏ మాట వచ్చినా "పెద్దదాన్ని అడగండి" అనేవారు అత్తగారు. ఇప్పుడు "చిన్నదాన్ని చూసి నేర్చుకోండి" అంటున్నారు. మొదటి మాట ఎప్పుడు ఆగిందో, రెండో మాట ఎప్పుడు మొదలైందో పెద్దకోడలికి తారీఖుతో సహా గుర్తుంది. తపాలా ఆఫీసులో ఉత్తరాల మీద తారీఖు ముద్ర కొట్టే ఉద్యోగం ఆమెది. ఆ రోజు నుంచి ముద్ర కాస్త గట్టిగానే పడుతోంది. ఒక్కసారైనా అత్తగారి నోట మళ్ళీ "నా పెద్దకోడలు" అన్న మాట రావాలి. అదీ చిన్నకోడలు పక్కనుండగా రావాలి. అందుకోసం ఆమె ఆ రోజు సెలవు కూడా పెట్టింది.

ఆమె బీరువా మోకాలితో తోస్తే గానీ మూతపడేది కాదు. తలుపు తీయగానే బట్టలు ఒళ్ళోకి దూకాయి. మొగుడి చిరుగుల చొక్కా, వెలిసిపోయిన పైజమా తగిలించుకుని పనిలోకి దిగింది. మొదటి గంటలో ఒక్క జతా బయటికి పోలేదు. ఇది సన్నబడ్డాక వేసుకోవచ్చు. ఇది లావెక్కాక వేసుకోవచ్చు. ఇదిగో ఈ గులాబీరంగుది ఎప్పటికీ నప్పదు గానీ, ఇచ్చేస్తే చేతులు మారి మారి చిన్నదానికి చేరుతుందేమో, చేరితే దానికి నప్పుతుందేమో!

ఎటూ తేలక మొగుడికి ఫోన్ చేసింది. ఆయన గడియారాలు బాగుచేసే దుకాణంలో, కంటికి భూతద్దం బిగించుకుని కూర్చున్నాడు.

"ఏమండీ, ఆకుపచ్చది ఇచ్చెయ్యనా?"

"ఊఁ."

"పోనీ ఉంచుకోనా?"

"ఊఁ."

"నన్నూ ఇచ్చెయ్యమంటారా?"

"ఊఁ. సాయంత్రానికి ఇచ్చేస్తానని చెప్పు."

ఫోన్ పెట్టేసి, చిన్నకోడలి బీరువాలోని ఆ రెండు వేళ్ళ సందును ఒకసారి తలుచుకుంది. కడుపులో మంట భగ్గుమంది. ఆ మంటకు చేతులు ఎక్కడలేని చురుకు తెచ్చుకున్నాయి. మధ్యాహ్నం రెండింటికి శరణాలయం వాళ్ళ బట్టల బండి వస్తుంది. దానికి పది నిమిషాల ముందే ఇచ్చెయ్యాల్సినవన్నీ ఆరు మూటలై గుమ్మం దగ్గర చేరాయి. ఉంచుకోవాల్సిన పంతొమ్మిది జతలనూ, బీరువా అరలు తుడిచేదాకా నలగకుండా ఉంటాయని, గుమ్మం పక్కనే కుర్చీలో పేర్చింది.

ఆమె స్నానాలగదిలో గుడ్డ పిండుతుండగా గంట మోగింది.

"తలుపు తీసే ఉంది బాబూ! అక్కడున్నవన్నీ పట్టుకెళ్ళిపో!" అని కేకేసింది.

బండివాడు మంచి పనిమంతుడు. అన్నీ అంటే అన్నీ పట్టుకెళ్ళాడు. కుర్చీ మీది దిండు గలీబు కూడా మిగల్లేదు. ఆమె వచ్చేసరికి బండి సందు చివర మలుపు తిరుగుతోంది. గేటు దాకా పరిగెత్తి, తన ఒంటి మీది చొక్కా చూసుకుని ఆగిపోయింది. చేతిలో తడిగుడ్డ ఒక్కటే మిగిలింది. అదీ ఒకప్పుడు ఆమె జతే.

ఇక మిగిలిన దిక్కు అన్నయ్య. ఇళ్ళ సామాను చేరవేసే వ్యాను ఆయనది. మాట్లాడేదానికన్నా మోగించేదే ఎక్కువ కనుక అందరూ ఆయన్ని హారన్ అంటారు.

"అన్నయ్యా! కట్టుబట్టలతో మిగిలానన్నయ్యా!" అని బావురుమంది.

"ఏమైందే? ఎవరే చేసింది?"

"ఎవరని చెప్పను? దీనికంతటికీ మా అత్తయ్యే మూలం. చిన్నది వచ్చినప్పట్నుంచి ఈ ఇంట్లో నా మొహం చూసేవాడు లేడు. అందరికీ చిన్నదే ముద్దు!"

"బావకి కూడానా?"

"ఆయనకేం పట్టింది? నన్ను పంపించెయ్యమన్నా ఊఁ అంటాడు! నువ్వు వెంటనే వ్యాను తీసుకుని..."

ఆ బండిని పట్టుకోమని చెప్పబోయింది. అప్పటికే అవతల వ్యాను మోత మొదలైంది, ఫోన్ ఆగిపోయింది. అన్నయ్యకు తోడికోడలి సంగతి ఆ క్షణాన తట్టనే లేదు. కోపమొచ్చిన మగవాడికి చిన్నదంటే ఒకటే అర్థం. ఎవరిదో ఇల్లు మారుస్తున్నవాడల్లా సగం సామాను రోడ్డు మీద దించి, మిగతా సగంతో బయల్దేరాడు. మూడూళ్ళ అవతల నుంచి వచ్చి ముందు గడియారాల దుకాణం ముందు ఆగాడు. అక్కడ జరిగింది పెద్దకోడలికి తర్వాత పక్కషాపు టైలరు చెప్పగా తెలిసింది.

"బావా! ఎవరా చిన్నది?"

గడియారాలాయన తలెత్తలేదు. "అప్పుడే మీదాకా వచ్చిందా బావగారూ? నిన్ననే తెచ్చారు."

"సిగ్గు లేకుండా చెప్తున్నావే!"

"మహా సున్నితం. ముట్టుకుంటే ఆగిపోతోంది. పొద్దుట్నుంచి దీంతోనే సరిపోయింది నాకు."

"మరి పెద్దదాని గతేమిటి?"

"పెద్దది పాతబడిపోయింది బావగారూ. గంటగంటకీ మోగడం తప్ప దేనికీ పనికిరాదు. గోడకి తగిలించి వదిలెయ్యడమే."

అన్నయ్య బల్ల మీది ఆడవాళ్ళ చేతివాచీనీ చూడలేదు, గోడగడియారాన్నీ చూడలేదు. బావ కాలరు పట్టుకుని ఈడ్చుకొచ్చి, వ్యాను వెనక ఎవరిదో సోఫాలో కూలేసి, సందంతా హారన్ మోగించుకుంటూ ఇంటికి తెచ్చాడు. సరిగ్గా అప్పుడే అత్తగారూ, చిన్నకోడలూ గేటు తీస్తున్నారు.

"రండి అత్తయ్యగారూ, మీ అబ్బాయి నిర్వాకం చూద్దురు గాని! మా చెల్లిని కట్టుబట్టలతో నిలబెట్టాడు!"

అత్తగారు తిన్నగా పడగ్గదిలోకి వెళ్ళి బీరువా తెరిచారు. ఖాళీ హ్యాంగర్లు గలగలలాడాయి. వెనక్కి తిరిగితే చిరుగుల చొక్కాలో పెద్దకోడలు, నుదుటి మీద భూతద్దంతో కొడుకు. ఆవిడ చేతిలో గొడుగు ఉంది. అది కొడుకు వీపు మీద పడింది.

"అమ్మా! సాయంత్రానికి ఇచ్చేస్తానన్నాను కదే!" అన్నాడాయన, ఏ గడియారం కోసం కొడుతున్నారో తెలియక.

"ఏమిట్రా ఇచ్చేది? పదిహేనేళ్ళు ఈ సంసారాన్ని భుజాన మోసిందిరా! నా మోకాలికి ఆపరేషనైతే చంటిపిల్లని చూసినట్టు చూసింది. చూపించు, ఎక్కడైనా సరే, నా పెద్దకోడలి లాంటిదాన్ని చూపించు!"

ఆ మాట రానే వచ్చింది. చిన్నకోడలు పక్కనుండగానే వచ్చింది. చిన్నకోడలి మొహం నిజంగానే చిన్నబోయింది. పెద్దకోడలు అసలు సంగతి చెబుదామని నోరు తెరిచి, ఇంకొక్క మాట విని చెబుదాంలే అని మూసేసింది. ఆ ఒక్క మాటకీ మొగుడికి రెండు దెబ్బలు పడ్డాయి. మూడోది లేస్తుంటే ఇక చూడలేక కళ్ళు మూసుకుంది.

"ఆయన తప్పేం లేదత్తయ్యా. బట్టలు శరణాలయం బండికి నేనే ఇచ్చేశాను."

గొడుగు గాలిలో ఆగింది. "ఎన్ని?"

"అన్నీ."

'పొరపాటున' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

"నీ ఒంటికంటూ ఒక్కటీ ఉంచుకోకుండానా?" అత్తగారు మెల్లగా గొడుగు దించారు. "చిన్నదైనా ఇరవై దాచుకుంది కదే!"

'దాచుకుంది'. నెల రోజులుగా కడుపులో రాజుకుంటున్న నిప్పు మీద ఆ ఒక్క మాట చల్లగా పడింది. మొగుడు వీపు తడుముకుంటున్నాడు, అన్నయ్య ఎవర్ని తిట్టాలో తెలియక నిలబడ్డాడు, అయినా ఆమెకు ఆ గది ఎంతో అందంగా కనిపించింది. చిన్నకోడలి వంక తీరిగ్గా, నిండుగా చూసి నవ్వింది.

చిన్నకోడలు కూడా నవ్వింది.

"అయ్యో అక్కా, మరి రేపట్నుంచి నీకేవీ? ఉండు, ఇప్పుడే వస్తా."

వెళ్ళినదల్లా అరగంటలో తిరిగొచ్చింది. చేతిలో పది హ్యాంగర్లు. అన్నీ ఇస్త్రీ మడతల్లో ఉన్నాయి.

"నాకు పది చాలక్కా. ఇరవై ఎక్కువేనని ఎప్పట్నుంచో అనుకుంటున్నా. ఇవి నువ్వు కట్టుకో."

నవ్వుతూనే అంది. ఆ నవ్వు వెనక పళ్ళెంత గట్టిగా కరుచుకుని ఉన్నాయో పెద్దకోడలికి వేరే చెప్పనక్కర్లేదు. నెలరోజులుగా తానూ అలాగే నవ్వుతోంది. అత్తగారి చెయ్యి మాత్రం అప్పటికే చిన్నకోడలి బుగ్గ దగ్గరికి వెళ్ళింది.

పెద్దకోడలు గదిలోకి వెళ్ళి ఒక్కొక్కటే తొడిగి చూసింది. ఒక్కదాని చెయ్యీ మోచేయి దాటి ఎక్కలేదు. నీలందానిలో ఇరుక్కుని, వెనక్కి రాక, ముందుకు పోక ఆపసోపాలు పడుతుంటే, హాల్లోంచి అత్తగారు ఎవరితోనో ఫోన్లో అంటున్నది వినిపించింది.

"అవునే, చిన్నది పది జతలతోనే గడిపేస్తోంది. మిగతా పదీ తోడికోడలికి ఇచ్చేసింది, ఎంత మనసో! ఎవరూ, పెద్దదా? దానికేముందే, కట్టుకోడానికే లేదు పాపం."

మర్నాడు బట్టల దుకాణం వాళ్ళు తలుపులు తీసేసరికి, మెట్ల మీద మొగుడి చొక్కాలో ఒకావిడ కూర్చుని ఉంది.