సొంత డబ్బా మహిమ

సొంత డబ్బాను మించిన సద్గుణం ఈ లోకంలో ఇంకొకటి లేదు!

నవ్వకండి. నిండు కుండ తొణకదని చిన్నప్పటి నుంచి మన చెవుల్లో ఊదారు కదా? మరి ఖాళీ కుండ మాత్రం తొణుకుతుందా? తొణకని కుండ నిండుగా ఉందో, అడుగంటిందో దారిన పోయేవాడికి ఎలా తెలుస్తుంది? ఎవరో ఒకరు చెప్పాలి. పక్క కుండకేం పట్టింది? తనే చెప్పుకోవాలి!

ఈ సత్యం తెలియక మూతలాయన ఏళ్ల తరబడి నష్టపోయాడు.

ఆయన పనిచేసేది టిఫిన్ డబ్బాల ఫ్యాక్టరీలో. మిగతావాళ్లు డబ్బాలు చేస్తే, వాటికి మూత సరిగ్గా కుదిరేలా చూడటం ఆయన పని. అదేమన్నా సామాన్యమా! బిగువైతే గోళ్లు విరుగుతాయి. వదులైతే బ్యాగులో ఆఫీసు కాగితాలకు కూర వడ్డన జరుగుతుంది. ఆయన మూతను చెవి దగ్గర పెట్టుకుని బొటనవేలితో నొక్కుతాడు. 'టప్' మంటే పాస్. 'టుప్' మంటే మళ్లీ అచ్చు దగ్గరికి. రోజు మొత్తంలో ఆయన దగ్గర వినిపించే మాటలు కూడా ఇంచుమించు ఆ రెండే.

పక్క సీటు ఆసామిని అందరూ మైకు అంటారు. మైకు మూత బిగించగా చూసినవాళ్లు లేరు. బిగించడం గురించి చెప్పగా విననివాళ్లూ లేరు. ప్రమోషన్లు ఎవరికి వచ్చేవో వేరే చెప్పాలా?

ఇలా ఉండగా మూతల విభాగానికి చీఫ్ పోస్టు ఖాళీ అయింది. ఆ పోస్టు కావలసినవాళ్లు అందరి ముందూ నిలబడి తమ గొప్పలు తామే చెప్పుకోవాలని మేనేజర్ ప్రకటించాడు. ఓడినవాళ్లను వేరే ఊళ్లో ఉన్న గోడౌన్‌కి తోలేస్తారని ఒక పుకారు. మూతలాయన గుండెలో రాయి పడింది.

"చెప్పుకోవడానికి ఏముంది? మూతలు సరిగ్గా పడుతున్నాయి, అంతేగా" అన్నాడు ఇంటికొచ్చి.

"ఆ ముక్కే చెప్పండి!" అంది భార్య. "ఇరుగూ పొరుగూ వచ్చి మీ డబ్బా కొడతారా? పిల్లల బడీ, నా ఉద్యోగం వదిలేసి ఆ గోడౌన్ వెంట పరిగెత్తమంటారా?"

మామగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ఆయన ప్రూఫ్‌రీడరుగా రిటైరైన మనిషి. మాట దొరికితే దాని ఏడు తరాలూ తవ్వందే వదలరు.

"అల్లుడూ, ముందు ఆ మాట సంగతి తెలుసుకో. డబ్బా మనింటి ఆడపడుచు కాదు, హిందీ వైపు నుంచి వచ్చిన కోడలు. వచ్చీ రాగానే పెట్టెనీ బరిణెనీ మూలకు నెట్టింది. అక్కడితో ఆగిందా? పాత బండి డబ్బా అయింది. నచ్చని సినిమా డబ్బా అయింది. ఆఖరికి మనిషి తన గొప్ప తాను చెప్పుకుంటే అదీ డబ్బాయే!"

"ఆ ఆఖరిది ఎలా వచ్చింది మామయ్యా?"

"నిఘంటువులో దొరకలేదు. నా ఊహ చెబుతా విను. గొప్పవాళ్ల కోసం డప్పు కొట్టడానికి మనుషులుంటారు. ఎవరూ కొట్టనివాడు ఏం చేస్తాడు? చేతికందిన డబ్బా తీసుకుని తనే వాయించుకుంటాడు. కాబట్టి అది గర్వం కాదు, గతిలేనితనం!"

"ఆయనకి ధైర్యం చెప్పమంటే ఇదా నాన్నా నువ్వు చెప్పేది!" అని కూతురు కసిరింది.

శిక్షణ ఆమే మొదలుపెట్టింది.

"'నేను' అనండి."

"మేము..."

"మేము కాదు, నేను!"

"నేనూ... అంటే మా అచ్చు దగ్గరివాళ్లూ..."

ఆమె తలపట్టుకుంది. అయినా విడిచిపెట్టలేదు. పోటీ నాటికి ఆయన గుటకలు మింగకుండా 'నేను' అనగలిగే స్థితికి వచ్చాడు.

ఆ రోజు మైకు అలవాటు ప్రకారం హాలంతా దద్దరిల్లేలా మాట్లాడాడు. తర్వాత మూతలాయన లేచాడు. మళ్లీ 'మేము...' దగ్గరే ఆగిపోయాడు. ముందు వరసలో మేనేజర్ గడియారం చూసుకున్నాడు. అంతే, మూతలాయనకు ఎక్కడి రోషం వచ్చిందో!

"నేను లేకపోతే మీలో ఒక్కరు కూడా మధ్యాహ్నం అన్నం తినలేరు! మూత అంటే నేను! నేనంటే మూత!"

హాలు చప్పట్లతో మారుమోగింది. చీఫ్ పోస్టు ఆయనదే అయింది. మైకుకీ అన్యాయం జరగలేదు. ఆయన కోసం ఇంకో చీఫ్ పోస్టు సృష్టించారు!

ఇక చూడండి మహిమ! ఒకసారి రుచి తగిలిన నాలుక ఊరుకుంటుందా? మూతలాయన పొద్దున మీటింగు, మధ్యాహ్నం సెమినారు. ఆయన్ని చూసి అచ్చు దగ్గరివాళ్లు కూడా 'నేను' అనడం నేర్చుకుని హాల్లోకి వచ్చి కూర్చున్నారు. విభాగమంతా వక్తలే! కింద మూత నొక్కి చూసే బొటనవేలే కరువైంది.

డబ్బాలు లారీల కొద్దీ వాపసు వచ్చాయి. వెంటనే అత్యవసర సమావేశం పెట్టారు. ఆ సమస్యను తాము ఎలా ఏనాడో పరిష్కరించేశారో ఒక్కొక్కరూ అద్భుతంగా వివరించారు.

ఒకనాడు మూతలాయన సొంత బ్యాగులోనే కూర ఒలికింది. నూనె కారుతున్న ఆ రోజు ఉపన్యాసం కాగితాలను ఆయన చాలాసేపు చూశాడు. మీటింగు మానేసి, కిందికి దిగి, చొక్కా చేతులు మడిచి అచ్చు ముందు కూర్చున్నాడు. ఒక మూత తీశాడు. నొక్కాడు. అరగదీశాడు. మళ్లీ నొక్కాడు. ఎన్నాళ్లకో ప్రాణం లేచి వచ్చినట్టనిపించింది. ఎవరు పలకరించినా పలకలేదు.

మధ్యాహ్నానికి మేనేజర్ పరుగున వచ్చాడు. వెనకాలే మైకు, చేతిలో మంచినీళ్ల గ్లాసుతో.

"ఏమైంది సార్? పొద్దుట్నుంచి ఒక్క మాట లేదట?" అన్నాడు మేనేజర్.

"పని చేస్తున్నానండీ."

మేనేజర్ ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. మైకు వంక చూసి తల అడ్డంగా ఊపాడు. ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని లేవదీసి కంపెనీ కారెక్కించారు.

"బాగా విశ్రాంతి తీసుకోండి సార్" అన్నాడు మేనేజర్, కారు తలుపు వేస్తూ. ఆపైన గొంతు తగ్గించాడు. "మీరేం దిగులు పెట్టుకోకండి. ఎవరడిగినా ఒంట్లో బాగాలేదనే చెబుతాం. పని చేస్తూ దొరికారని తెలిస్తే మీ పరువేం కావాలి!"