కుర్చీలో కుట్లోడు

గురువారం అప్పలకొండకు సెలవు. ఆ పొద్దున్న అతను పెట్టుకున్న పని ఒక్కటే: కుట్లోడికి స్నానం చేయించి ఎండలో కూర్చోబెట్టడం.

కుట్లోడంటే కూతురు ఛాయ పాత బొంతలతో కుట్టిన నిలువెత్తు ఎలుగుబంటి బొమ్మ. ఆమె చదివే జపాను బొమ్మల కథలో వాడొక రాక్షసరాజుకు బంటు. ఎప్పుడో చచ్చిపోయాడు, అయినా డ్యూటీ దిగడు. ప్రతి పోరులోనూ చీలికలవుతాడు. రాజు సూదీ దారం తీసి కుట్టి, మళ్లీ ముందుకు తోస్తాడు. నోటికడ్డంగా కూడా కుట్లే కనక ఒక్క మాటా మాట్లాడడు. ఐదో తరగతితో బడి మానేసిన అప్పలకొండ ఆ పుస్తకాన్ని బొమ్మలు చూసి చదివాడు. దాన్ని చివరి నుంచి మొదటికి తిప్పాలని తెలియక తెలుగు పుస్తకంలాగే తిప్పాడు. ఆ లెక్కన వాడు ముక్కలుగా మొదలై, ఆఖరి పేజీలో ఒక పాప ఒళ్లో నిద్రపోతాడు. అప్పలకొండకు అదే న్యాయంగా తోచింది. పాతికేళ్లుగా స్టీలు ప్లాంటులో ఠేకేదారు కింద కాంట్రాక్టు కూలీగా పనిచేస్తున్నవాడికి బంటు బతుకు గురించి ఒకరు చెప్పనక్కర్లేదు.

ఆదివారం ఛాయ రాయపూర్ నుంచి వస్తోంది. అక్కడేదో వేషాల పండగకు బొమ్మ కావాలట. "ఉతికి ఆరబెట్టు నాన్నా, బూజు వాసన రాకూడదు," అంది. ఏడాదిలో ఆమె అతన్ని అడిగిన పని అదొక్కటే. భార్య వనజాక్షి అతని నోటికి తాళలేక ఏడు నెలల కిందట విజయనగరంలో చెల్లెలింటికి వెళ్లిపోయింది. "నానుగా పిలవను. వస్తే వస్తాది," అని అతను అందరితో అన్నాడు. అందరంటే ఛాయ ఒక్కతే. ప్లాంటు కూలీలుండే క్యాంప్ 2లోని ఆ ఇళ్ల లైనులో అతనితో మాటలున్న ఇల్లు మరొకటి మిగల్లేదు.

తడిసిన బొమ్మ మనిషంత బరువైంది. ఈడ్చుకొచ్చి వరండాలో తన కుర్చీలో కూలేసి, కారే నీళ్లకు కింద బకెట్ పెట్టాడు. వెంటనే వీధికుక్క వచ్చి చెవి పట్టి లాగింది. ఆ కుక్కకు అప్పలకొండంటేనే భయం. అందుకని తన మంకీ క్యాప్ బొమ్మ తలకు తొడిగి కిందికంటా లాగాడు. తన శాలువా కప్పాడు. కుక్క తోక ముడిచింది. అతను లోపలికి వెళ్లి ఒంటికి సబ్బు రాసుకున్నాడు.

"అప్పలకొండన్నా, ఎండకి కూకున్నావేటి?"

పక్కింటి గోవిందరావు గొంతు. వీధి నల్లా దగ్గర తగువై రెండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు, అప్పలకొండ విసిరే తిట్లు తప్ప. అప్పలకొండ తుండుగుడ్డ చుట్టుకుని తలుపు సందులోంచి చూశాడు.

"రోజూ నాను ఇటెల్తంటే ఏదోటి అనీవోడివి. ఇయాల ఏటీ అన్నేదు," అన్నాడు గోవిందరావు బొమ్మతో. "ఆ రోజు నల్లా కాడ వరస తప్పించి బిందెట్టింది మా ఆవిడే అన్నా. నాకు తెలుసు. సెప్పడానికి నోరు రాలేదు."

మంకీ క్యాప్ అంచు నుంచి నీళ్లు టపటపా రాలాయి.

"అన్నా, ఏడుస్తన్నావా?"

బొమ్మరా సన్నాసీ, అన్న మాట అప్పలకొండ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ రెండేళ్ల తర్వాత ఒక మనిషి అన్నా అని పిలుస్తుంటే సబ్బు నురగతో బయటికెళ్లడం మర్యాద కాదనిపించింది. ఆగాడు. అక్కడే చెడింది.

గోవిందరావు భార్య రజనీకుమారి వచ్చింది. ఎదురింటి సాహు దీదీ వచ్చి, "అరే, భయ్యా రో రహే హై," అంది. అప్పలకొండ ఏడవడమేమిటి, వనజాక్షికి ఒంట్లో బాగాలేదేమో అన్నారు. ఉప్మా పళ్లెం బొమ్మ ఒళ్లోకి వచ్చేసరికి వాళ్ల మాటల్లో వనజాక్షి ఆస్పత్రిలో ఉంది. జంపఖానా పరిచేసరికి పోయింది.

"మడిసి సెడ్డోడు కాదు, నోరే," అంది రజనీకుమారి ముక్కు తుడుచుకుంటూ. "మా పండుకి ఆపరేషనప్పుడు రెత్తం ఇచ్చింది ఈయనే. ఇచ్చి, మమ్మల్ని తిట్టీసి ఎల్లిపోనాడు."

లోపల సబ్బు ఒంటిమీదే ఎండిపోతోంది. చలి వేస్తోంది. అప్పలకొండ కదల్లేదు.

ఎప్పుడు పోయిందో కనుక్కుందామని గోవిందరావు విజయనగరానికి ఫోన్ చేశాడు. పోయిన మనిషే ఫోనెత్తింది.

"వొదినా, బాగున్నావా?" అన్నాడు నీళ్లు నమిలి.

"బాగోక ఏటి?"

"అన్న నీకోసం ఏడుస్తన్నాడు. ఉలుకూ పలుకూ లేదు."

"ఆయన సెవికాడెట్టు," అంది వనజాక్షి.

గోవిందరావు స్పీకరు నొక్కి ఫోను క్యాప్ దగ్గర పెట్టాడు.

"ఇదిగో, నాను. తిట్టకుండా ఇంతసేపున్నావంటే నాకు బయమేస్తంది. రమ్మని ఒక్క మాటను. రేపే బండెక్కుతాను."

అందరూ కుర్చీ వైపు చూశారు. కుట్లు పడ్డ నోరు ఎలా తెరుచుకుంటుంది?

"సరేలే. పెట్టేస్తన్నాను."

"రాయే, వనజా," అన్నాడు అప్పలకొండ తలుపు వెనక నుంచి. అంత మెత్తని గొంతు తనలో ఉందని అతనికే తెలియదు.

మనిషేమో కుర్చీలో, మాటేమో ఇంట్లోంచి. రజనీకుమారి కెవ్వుమంది. గోవిందరావు క్యాప్ లాగాడు. ఒంటి గుండీ కన్ను, అడ్డంగా కుట్టేసిన నోరు. అతని చేతిలోని ఫోను కుర్చీ కిందున్న నీళ్ల బకెట్లో పడింది.

అప్పలకొండ తుండుగుడ్డతో బయటికొచ్చాడు.

"నాసేత బొమ్మకి సెప్పించావా, నల్లా సంగతి?" అన్నాడు గోవిందరావు, ఫోను దులుపుతూ.

"ఏటీ, నల్లా కాడ నాదే తప్పని సెప్పీసినావా?" అంది అతని భార్య.

తప్పయిపోయింది, కూర్చోండి, అందామని అప్పలకొండ నోరు తెరిచాడు. అలవాటు చొప్పున వేరే మాట వచ్చింది. "మిమ్మల్ని రమ్మని నాను కబురెట్టానేటి?"

ఉప్మా పళ్లెంతో సహా అందరూ వెళ్లిపోయారు.

ఆదివారం ఛాయ ఒక్కతే వచ్చింది. జరిగిందంతా అప్పలకొండ ఆమెకు ఫోన్లో ముందే చెప్పాడు.

"మీ యమ్మేటంది?"

"రాయే అన్నది ఎవరని అడిగింది. నువ్వేనని చెప్పాను. బిల్కుల్ నమ్మలేదు. అంత మెత్తగా ఆయన అనడు, పక్కోల్లెవరో అనుంటారు అంది." ఛాయ ఫోను తీసింది. "కలుపుతున్నాను. ఇంకోసారి అలాగే అను నాన్నా."

అతను గొంతు సవరించుకున్నాడు. "హలో, హలో," అంటోంది వనజాక్షి. అతను సవరించుకుంటూనే ఉన్నాడు. ఆమె ఫోను పెట్టేసింది.

సాయంత్రం ఛాయ కుట్లోణ్ణి ఆటోలో పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లిపోయింది. అప్పలకొండ మంకీ క్యాప్ పెట్టుకుని ఖాళీ అయిన కుర్చీలో కూర్చున్నాడు. దారిన పోతున్న గోవిందరావు ఆగి, వంగి మొహంలోకి చూశాడు. ఈసారి నిజం మనిషేనని రూఢి చేసుకుని, మాట్లాడకుండా వెళ్లిపోయాడు.