నాలుగా, ఆరా? కదలని కారు మహిమ

ప్రతి ఇంట్లో ఒక కదలని కారు ఉండి తీరాలి! ఉత్త కారు కాదు, స్పోర్ట్స్ కారు. పాతది, విలాయతిది, ఇద్దరే కూర్చునేది, నెత్తిన కప్పు లేనిది. దానికి ఇంజిను కూడా లేకపోతే ఆ ఇల్లు చేసుకున్న పుణ్యం ఇంతా అంతా కాదు.

నవ్వకండి నాయనా. కదిలే కార్లతో జనం పడే పాట్లు రోజూ చూస్తూనే ఉన్నారు కదా? పెట్రోలు తాగుతుంది. చలానాలు మోసుకొస్తుంది. చార్మినార్ దగ్గర నిలిపే జాగా దొరక్క మూడు చుట్లు తిరిగి, గాజులు కొనకుండానే ఇల్లు చేరుతుంది. కదలని కారుకు ఈ రోగాలేవీ లేవు. హుస్సేనీ ఆలంలో జగదీశ్వర్ ఇంట్లో ఉన్న ఎర్ర కారునే తీసుకోండి. ఏడేళ్లలో ఒక్కరికీ తగల్లేదు. ఒక్క సిగ్నలు దాటలేదు. ఎక్కడికీ ఆలస్యంగా పోలేదు. ఇంతకన్నా నడవడిక గల బండి ఆ గల్లీలో ఉంటే చూపించండి!

జగదీశ్వర్‌ది పత్తర్‌గట్టీలో బట్టల దుకాణం. వ్యాపారం తాతల నాటిది, నిదానం మాత్రం సొంతంగా సంపాదించుకున్నది. ఏడేళ్ల కింద పక్క గల్లీలో నవాబుల కాలం నాటి పాత దేవిడీ, పెద్ద భవంతి, ఒకటి పడగొడుతుంటే, గుర్రాలశాలలో గడ్డి కింద ఈ కారు బయటపడింది. జగదీశ్వర్ చూశాడు, మనసు పారేసుకున్నాడు, కొనేశాడు. ఎనిమిది మంది చేత నెట్టించుకుని వచ్చి, ఇంటి ముందర వీధి వైపు షటర్ ఉన్న మల్గీలో పెట్టించాడు. ఒకప్పుడు అది దుకాణం గది. ఇంజిను ఏమైందని అడిగితే, ఎప్పుడో ఎవరో ఊడదీసి బావి మీద నీళ్లు తోడడానికి బిగించారని చెప్పారు. ఆ బావి కూడా ఇప్పుడు లేదు.

సరే, కొత్త ఇంజిను వేయిద్దామనుకున్నాడు. ముడి అక్కడ పడింది. ఆ కారు చేసినవాళ్లు ఆ కాలంలో ఒకే ఒంటికి రెండు రకాల గుండెలు పెట్టి అమ్మారట. ఒకటి నాలుగు సిలిండర్లది, ఇంకొకటి ఆరు సిలిండర్లది. సిలిండరు అంటే ఇంజిను లోపల పెట్రోలు మండే గొట్టం. గొట్టాలు పెరిగితే జోరు పెరుగుతుంది, బరువూ పెరుగుతుంది. ఈ కారు ఏ రకమో చెప్పే కాగితం లేదు. ఇంజిను కూర్చునే చోట తుప్పు తిని, ఉన్న గుర్తులన్నీ రాలిపోయాయి.

నాలుగా, ఆరా? ఇంత చిన్న ప్రశ్నలో ఎంత సుఖం ఉందో జగదీశ్వర్‌కు మొదటి రోజే తెలిసిపోయింది.

పాతబస్తీలో దుకాణాలు తెరిచేది పదకొండుకు. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా మగవాడు ఏం చేయాలి? పేపరు ఎంతసేపని చదువుతాడు? ఆ మూడు గంటలకు దేవుడిచ్చిన దారి ఈ ప్రశ్న. మల్గీ షటర్ ఎత్తగానే కారు చుట్టూ కుర్చీలు పడతాయి. ఆరు వైపు శాలిబండలో గ్యారేజీ ఉన్న మొగులయ్య మేస్త్రీ. నాలుగు వైపు బస్సు డిపోలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన డానియేలు. నడుమ తీర్పరి కుర్చీలో జగదీశ్వర్. ఇంకొక నాలుగు కుర్చీలు నాలాగా ఆ దారిన పోయేవాళ్లకు.

ఆరు సిలిండర్లుంటే బండి మీగడ లాగా సాగుతుందని మొగులయ్య అంటాడు. ఆరు పెడితే ముక్కు బరువవుతుందని డానియేలు అంటాడు. రేడియేటరు ముందుకు జరపాలి, బానెట్ కోసి బుడిపె లేపాలి, అయినా ఆ బుడిపె చూస్తే కారుకు గవదబిళ్ల వచ్చినట్టుంటుందని తేల్చేస్తాడు. దానికి మొగులయ్య, "గుర్రం అసొంటి బండికి గాడిద గుండె పెడ్తవా డానియేలు సార్?" అని ఎత్తిపొడుస్తాడు. డానియేలు చాయ్ ఊదుకుంటూ, "నీ ఆరు పెడితె మలుపు కాడ బండి తిరగది మొగులయ్యా. గోడ తిరగాలె," అంటాడు.

అరవై మైళ్ల వేగం అందుకోవడానికి ఒకదానికి పది సెకండ్లు, ఇంకొకదానికి పన్నెండట. ఆ రెండు సెకండ్ల మీద రెండేళ్లు మాట్లాడారు. శాలిబండ నుంచి చార్మినార్ దాకా కారు వేగం ఎంతో తేల్చేది ముందు పోయే ఉల్లిగడ్డల తోపుడు బండే కదా అని మీకు తోచవచ్చు. దయచేసి పెద్దవాళ్ల మాటల్లో అడ్డం రాకండి!

ఈ కారు వల్ల గల్లీకి జరిగిన మేలు చెప్పుకుంటూ పోతే తరగదు. చదువు పెరిగింది. పాలు పోసే మనిషి కూడా ఇంజిను తిప్పే బలాన్ని టార్క్ అంటున్నాడు. ఆలోచన పెరిగింది. మంగలి చేతిలో కత్తి పట్టుకుని, నువ్వు నాలుగా ఆరా అని అడిగాక గానీ గడ్డం మొదలుపెట్టడం లేదు. మనుషుల గుణం తెలుసుకోవడానికి కొలబద్ద దొరికింది. జగదీశ్వర్ మేనకోడలి పెళ్లిచూపులకు నిఖిలేష్ అని సాఫ్ట్‌వేర్ పిల్లాడు వచ్చాడు. చక్కటి పిల్లాడు, నెమ్మదస్తుడు. కారు చూపించి ఏది వేద్దామని అడిగారు. కరెంటు మోటారు పెట్టించండి మామయ్యా అన్నాడు. అంతే! రెండో కప్పు చాయ్ రాలేదు, సంబంధం ముందుకు పోలేదు.

జగదీశ్వర్ ఎందుకు తేల్చడని ఎవరైనా అడిగితే, తొందరపడితే పాడవుతుందని అంటాడు. లోపలి మాట వేరు. నాలుగు అంటే మొగులయ్య రావడం మానేస్తాడు. ఆరు అంటే డానియేలు మానేస్తాడు. ఇంజిను ఎక్కి కారు కదిలిందంటే ఇద్దరికీ పనుండదు. ఆపైన పొద్దున ఎనిమిదికి ఆయన గుమ్మంలో నిలబడితే పలకరించేదెవరు? తేలని ప్రశ్న దగ్గర మనుషులుంటారు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పుకోలేదు. నేను కనిపెట్టినట్టు బయటపడలేదు.

ఇంతటి మేలు చేసే కారుకు ఒకే ఒక చిక్కు ఉంది. చిన్నదే. అది నిలబడిన గది.

జగదీశ్వర్ భార్య హరిచందన ముత్యాలు ఏరుతుంది, గుచ్చుతుంది. ఆమె చేతికి చార్మినార్ దుకాణాల్లో పేరుంది. ముత్యాలకు జోడు కలపడం పొద్దుటి వెలుగులోనే చేయాలి. ట్యూబ్‌లైటు కింద అన్నీ అక్కచెల్లెళ్ల లాగే ఉంటాయి. పొద్దుటి వెలుగులో పరిస్తే ఒకటి పాల తెలుపు, ఒకటి వెన్న తెలుపు, ఒకటి లోపల గులాబీ దాచుకున్నది, దేని తీరు దానిదే. ఎండ నేరుగా పడకూడదు, మెత్తటి వెలుగు కావాలి. అది ఆ ఇంట్లో ఉత్తరం షటర్ ఉన్న మల్గీలోకే వస్తుంది. మల్గీలో కారు ఉంది. కాబట్టి హరిచందన మిద్దె మెట్ల మీద తెల్లగుడ్డ పరుచుకుని కూర్చుంటుంది. అక్కడ వెలుగు గంటన్నర ఉంటుంది. ఆ గంటన్నరలో మూడుసార్లు లేచి మల్గీలోకి చాయ్ ఇవ్వాలి.

ఈ మధ్య ముత్యాల దుకాణం రామలింగయ్య సేటు ఆమెకు కబురు పెట్టాడు. ఏడాది పొడుగునా జోడు కలిపే పనంతా ఆమెకే ఇస్తానన్నాడు. ఐదుగురు ఆడవాళ్లను పెట్టుకుని ఒక్క చోట, మంచి వెలుగులో చేయించాలి. సోమవారం వచ్చి జాగా చూస్తాను, లేకపోతే వేరేవాళ్లకు ఇస్తానన్నాడు. ఇరవై ఏళ్లుగా ఇంకొకరు రాసిచ్చిన కూలి చిట్టీల మీద పనిచేసిన మనిషికి సొంత కార్ఖానా అందేంత దూరంలోకి వచ్చింది.

ఆమె భర్తను అడిగింది. కారును బయట గోడ వార నిలిపి టార్పాలిన్ కప్పుదాం, మల్గీ నాకు ఇవ్వండి అంది.

"ఇంజిను ఎక్కనీ చందనా. బండి తనంతట తనే బయటికొస్తది. అప్పుడు మల్గి మొత్తం నీదే," అన్నాడు జగదీశ్వర్.

నాలుగా ఆరా అని ఏడేళ్లు ఆలోచించిన మనిషి, ఈ జవాబుకు ఒక్క గుటక చాయ్ మింగేంత సేపు కూడా తీసుకోలేదు.

నెట్టి బయట పెట్టవచ్చు కదా అంటారా? ఆ ఇంటి ఆచారం మీకు తెలియదు. జగదీశ్వర్ తాతకు జట్కా ఉండేది. ఒకనాడు గుర్రం కొట్టంలోనే చచ్చిపోతే తాళ్లు కట్టి గడప మీదుగా ఈడ్చారు. ఆ ఏడే దుకాణం కాలిపోయింది. అప్పటి నుంచి ఆ ఇంట్లోకి వచ్చిన వాహనం ఏదైనా తన కాళ్ల మీద తానే గడప దాటాలి. స్కూటరు చెడిపోతే మేస్త్రీ ఇంటికి వచ్చి బాగుచేయాల్సిందే. లోపలికి నెట్టడం గురించి పెద్దలు ఏమీ అనలేదు గనుక కారు లోపలికి రాగలిగింది. బయటికి పోవాలంటే ఇంజిను కావాలి. ఇంజిను కావాలంటే నాలుగా ఆరా తేలాలి. అది తేలితే ఎనిమిది గంటలకు కుర్చీలు ఖాళీ. చూశారా ఎంత పకడ్బందీగా ఉందో!

హరిచందన పోట్లాడలేదు. ఆచారానికి కాపలా ఉన్న అత్తగారు సుగుణమ్మ దగ్గరికి పోయింది. సుగుణమ్మ చాటలో బియ్యం ఏరుతోంది.

"అత్తమ్మా, బండి తన కాళ్ల మీదనే పోవాలె అంటరు గద. ఎన్ని సిలిండర్ల మీద పోవాలెనో పెద్దలు ఏమన్న చెప్పిన్రా?"

సుగుణమ్మ నాలుగు రాళ్లు ఏరిపారేసేంత సేపు ఆలోచించింది.

"మా మామ దగ్గర ఉన్నది ఒక్కటే గుర్రం బిడ్డా," అంది.

హరిచందన అటునుంచి అటే శాలిబండకు పోయింది. మొగులయ్య గ్యారేజీ వెనక తుక్కు కింద జమకట్టిన ఆటో ఒకటి పడి ఉంది. దాని ఇంజినుకు ఉన్నది ఒకే సిలిండరు. అది ఆ కారులో పెట్టమంటే మొగులయ్య చెవులు మూసుకున్నాడట. పాపం తగులుతుందన్నాడట. ఆమె డానియేలును పిలిపించింది. నాలుగు కాదు, ఆరు కాదు, ఇద్దరికీ సమానంగా నామోషీ. కాబట్టి ఏడేళ్లలో మొదటిసారి ఇద్దరూ ఒక్క మాట మీదికి వచ్చారు. శనివారం జగదీశ్వర్ దుకాణానికి పోగానే ఆటో ఇంజినును కారు ముక్కులో కట్టారు. వెనక ఇరుసు దాకా గొలుసులు వేశారు. చీకటి పడేలోగా పని అయిపోయింది.

ఆదివారం ఎనిమిదింటికి జగదీశ్వర్ కుర్చీ పట్టుకుని షటర్ ఎత్తాడు. ఎత్తి ఉన్న బానెట్ కింద, అంత పెద్ద ఖాళీలో, కాయ లోపల గింజ లాగా చిన్న ఇంజిను కూర్చుని ఉంది. ఆయన చేతిలోని కుర్చీ కింద పెట్టేశాడు.

"ఏంది ఇది?"

"ఇంజినే," అంది హరిచందన. "ఒక్కటే సిలిండరు."

"గల్లీల ఇజ్జత్ పోతది చందనా. స్పోర్ట్స్ కారుల ఆటో ఇంజినా? నవ్వరా నలుగురు?"

"ఏడేండ్ల సంది నేను మెట్ల మీద కూసుంటున్న. ఆ నలుగురు అది సూశి నవ్వలేదు, దీనికి నవ్వుతరా?"

మొగులయ్య ఇంజిను వైపు చూశాడు, డానియేలు మొగులయ్య వైపు చూశాడు. జగదీశ్వర్ వైపు ఎవరూ చూడలేదు. హరిచందన కారు తలుపు తెరిచి పట్టుకుంది.

"కూసోండ్రి. స్టీరింగు పట్టేది మీరే."

ఏడేళ్లలో ఆ సీటు తుడిచాడు, దాని తోలుకు నూనె రాశాడు. అందులో కూర్చుని ఎక్కడికైనా పోవడమన్నది మాత్రం ఎన్నడూ తలపుకు రాలేదు. కూర్చున్నాడు. డానియేలు స్టార్టు పిడి లాగాడు. కారు దగ్గింది, మళ్లీ దగ్గింది, డగ డగ డగమంటూ ఒళ్లంతా వణికింది. వణుకుతూనే ముందుకు పాకింది. గడప దాటింది. తన కాళ్ల మీద తానే, పదకొండు అడుగులు! మిద్దె మీద సుగుణమ్మ దండం పెట్టుకుంది. గల్లీలో షేర్ ఆటో అతను తన బండి ఇంజినేమోనని కిందికి వంగి చూసుకున్నాడు.

గోడ వార ఆగాక జగదీశ్వర్ దిగలేదు. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. ముఖం చూస్తే ఐదేళ్ల పిల్లాడు గుర్తుకొచ్చేవాడు. ఎంత వేగం పోయిందన్నా అని మొగులయ్య అడిగితే, "మస్తు పోయింది," అన్నాడు.

ఇప్పుడు కుర్చీలు గోడ వార పడ్డాయి. మొగులయ్య వస్తున్నాడు, డానియేలూ వస్తున్నాడు, ఆ ఒక్క సిలిండరు తీసేసి నాలుగు పెట్టాలా ఆరు పెట్టాలా అన్నది ఇంకా తేలలేదు. జగదీశ్వర్ భయపడినంతా వృథా. చాయ్ మాత్రం ఎవరికి వారు మూల మీది హోటలు నుంచి తెచ్చుకోవాల్సి వస్తోంది.

కదలని కారు గొప్పదని మొదట్లో అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోను. ఆ గొప్పతనం అడిగి తెలుసుకుందామని కుర్చీల్లో కూర్చున్న ప్రతివాడినీ అడిగాను, అందరూ ఒకే మాట చెప్పారు. చాయ్ తెచ్చిన మనిషిని అడగడం మరిచిపోయాను, అంతే. వయసు మీద పడింది కదా, ఇట్లాంటివి మరిచిపోతుంటాను. మీ ఇళ్లలో మీరు మరిచిపోవడం లేదా?

సోమవారం రామలింగయ్య సేటు వచ్చాడు. మల్గీలో తెల్లటి గుడ్డలు పరిచి ఉన్నాయి. ఐదుగురు ఆడవాళ్లు వరసగా కూర్చున్నారు. ఉత్తరం వెలుగు నిండుగా లోపలికి వచ్చి ముత్యాల మీద మెత్తగా పరుచుకుని ఉంది. సేటు ఒక జోడు తీసి అరచేతిలో దొర్లించి చూశాడు. తర్వాత షటర్ వైపు చూశాడు.

"ఇంత మంచి ఎల్తురు ఇంట్ల పెట్టుకోని, ఇన్నేండ్లు ఆ మెట్ల మీద ఎందుకు కూసున్నవమ్మా?"

హరిచందన దారం కొన తడి చేసుకుని సూదిలోకి ఎక్కించింది.

"మా ఇంట్ల మొగోళ్లు ఆలోచన చేస్తుండిరి సేటూ," అంది.