ఇంకా రాని ఇనుప గేటు

లోకంలో ఇనుము రెండు విధాలు: నేల మీద ఉన్న ఇనుము, దస్త్రంలో ఉన్న ఇనుము. మొదటిదానికి తుప్పు పడుతుంది. రెండవదానికి పట్టదు. కాబట్టి రెండవదే సత్యమని రాయచూరులోని నిరుపయోగ వస్తు నిర్ణయ విభాగం చాలాకాలం క్రితమే తేల్చింది. (మొదటిదాన్ని మాయ అన్నవారు మనలో పూర్వం నుంచీ ఉన్నారు. వారి వద్ద ముద్రలు లేకపోవడం వల్ల అది కేవలం అభిప్రాయంగా మిగిలిపోయింది.)

చంద్రబండ ఊరి కమ్మరి అంబరీశ్‌కు ఈ సిద్ధాంతం తెలియదు. అతను అడిగినవారికి అడిగిన తీరులో కత్తులు చేసి ఇస్తాడు. శక్తినగర్ విద్యుత్ కేంద్రంలో పనిచేసి పదవీ విరమణ పొందిన జయతీర్థ గారు ఒక వంటింటి కత్తి కోరారు: నడుమ ఉక్కు, ఇరువైపులా పాతకాలపు మెత్తని ఇనుము. ఆ ఇనుమును ఇప్పుడెవరూ తయారుచేయరు. గాటు పెట్టి వంచితే అది చెరకు గడలా పోగులు పోగులుగా చీలుతుంది. సాన పట్టి పులుపులో ముంచితే ఇసుకలో నీరు పారిన జాడల్లాంటి గీతలు తేలుతాయి. నేటి ఇనుములో ఏ గీతా తేలదు. (దానికి చెప్పుకోదగిన గతం లేదు.) కత్తి నచ్చితే మిత్రులందరిచేతా కొనిపిస్తానని జయతీర్థ గారు మాట ఇచ్చారు. కొలిమి మీద వచ్చేది ఇంటికి చాలడం లేదు గనుక అంబరీశ్ భార్య మంజమ్మ కూడా ఒక మాట ఇచ్చింది.

"దసరా లోపల ఆ కత్తి కాకుంటే కొలిమికి తాళమేస్త. నువ్వు కంపెనీ బస్సెక్కి కాంట్రాక్టు పనికి పో. గంతే."

పాత ఎడ్లబండి చక్రాలకు వేసే ఇనుప పట్టాలు ఆ రకానివే గనుక, వాటి కోసం అంబరీశ్ సింధనూరు దాకా వెళ్లాడు. అక్కడ పాత ఇనుప సామాన్ల దుకాణం నడిపే కుసుమకుమారిది కాలువ భూములకు వచ్చి స్థిరపడిన కోస్తా కుటుంబం. ఆమె అతన్ని చూసి జాలిపడింది.

"ఎడ్లబండి పట్టాలా? అవన్నీ మా నాన్నగారి రోజుల్లోనే కరిగిపోయాయండీ. మా చేతికొచ్చిందేదీ నిలవుండదు. నిలవుండాలంటే సర్కారు వారి పెరట్లోనే ఉండాలి. అక్కడ చూస్కోండి."

ఆమె చెప్పింది నిజమే. విభాగం పెరట్లో నిజాం కాలపు గేటు రెక్క ఒకటి వేపచెట్టుకు ఆనించి ఉంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు దాన్ని ఊడదీశారు. (రోడ్డు వెడల్పు కావడంతో ఆఫీసు ద్వారం ఇరుకైంది.) నాటి నుంచి కొత్త గేటు కోసం ఎదురుచూస్తూ ద్వారానికి తాడు కట్టి ఉంచారు. గేటులో ఒక ఊచ విరిగిన చోట అంబరీశ్‌కు పోగులు కనిపించాయి. అతను చెప్పులు విడిచాడు. ఆ తర్వాత అర్జీ పెట్టాడు.

విభాగాధికారి హంపయ్య సౌమ్యుడు. నిబంధన కూడా సౌమ్యంగానే ఉంది: నిరుపయోగమైనదాన్నే అమ్మాలి, ఒకప్పుడు ఉపయోగపడినదే నిరుపయోగం కాగలదు, ఉపయోగపడాలంటే ముందు అది ఆఫీసుకు వచ్చి ఉండాలి. గేటు ఆఫీసు కంటే ముందే అక్కడ ఉండడం వల్ల, అది వచ్చినట్టు ఎక్కడా దాఖలా లేదు.

"సూడు తమ్మీ, గేటున్నది. నేనేమన్న గుడ్డోన్నా? గని దాఖలాల అది ఇంక రాలే. రానిదాన్ని ఎట్ల అమ్మాలె?"

"రాకుంటే కనవడ్తున్నదేంది సార్?"

"కనవడనీ. మనకేం తక్లీఫు?"

(పుట్టకముందు వస్తువు లేకపోవడాన్ని మన తార్కికులు ప్రాగభావం అన్నారు. అదీ ఒక పదార్థమేనని వాదించి గెలిచారు. అయితే దాన్ని వేపచెట్టుకు ఆనించవచ్చునని వారికి తట్టలేదు.)

ఉపాయం కూడా హంపయ్యే చెప్పాడు. గేటును బయటికి మోసుకెళ్లి తిరిగి లోపలికి తెస్తే, వచ్చినట్టు అవుతుంది.

అంబరీశ్, అతని బావమరిది యల్లేశ్ దాన్ని బయటికి మోశారు. ఎవరూ ఆపలేదు, ఇంకా రానిది పోవడం అసాధ్యం గనుక ఆపడానికి నిబంధన లేదు. రోడ్డు పక్కన యల్లేశ్ ట్రాలీ ఆటో ఉంది.

"బావా, ఎక్కిద్దాం పా. ఎవడడుగుతడు?"

"సారు నమ్మి పంపిండు రా."

"ఏది పంపిండు? లేని గేటునా?"

అంబరీశ్ ఆలోచించాడు. తర్వాత ఇద్దరూ గేటును లోపలికి మోశారు. ముద్ర పడింది.

ముద్రతో గేటు ఉనికిలోకి వచ్చింది. ఆనాటి తేదీతో వచ్చింది గనుక అది కొత్తది. కొత్త వస్తువు నిరుపయోగం కావాలంటే ముందు ఒక తరం అధికారులకు ఉపయోగపడాలి. హంపయ్య ముఖం వెలిగింది. ఏళ్లుగా ఎదురుచూస్తున్న కొత్త గేటు వచ్చేసింది!

సంగతి విని మంజమ్మ చాలాసేపు నవ్వింది.

"రోడ్డు మీద దేవుడిచ్చిండు. నువ్వు రసీదడిగినవ్."

"అట్ల తెచ్చుడు ధర్మం గాదు గదనే."

"సరె. నడుమ ఉక్కు పెట్టి, రెండు దిక్కుల నీ ధర్మం పెట్టు. సూద్దాం ఎంత తెగుతదో."

కొత్త గేటు ఇరుకైన ద్వారానికి పట్టలేదు. కోయాలి. కోయడానికి కమ్మరి కావాలి. గేటు చరిత్ర (అంటే నిన్నటి నుంచి) తెలిసిన కమ్మరి ఒక్కడే. అంబరీశ్ రంపంతో వచ్చాడు. వెంట గోనెసంచితో మంజమ్మ వచ్చింది. కోసిన భాగం నేల మీద పడింది.

"సార్, ఈ తునకకు..." అని అంబరీశ్ మొదలుపెట్టాడు.

"చెత్త సార్. మేమే ఎత్తుకపోతం," అని మంజమ్మ ముగించింది.

హంపయ్య యోచించాడు. గేటు వచ్చింది. తునక వచ్చినట్టు దాఖలా లేదు.

"ఏ తునక? నాకేం కనవడ్తలేదు." అది అబద్ధం కాదు. ఆయన అప్పటికే గేటుకు కట్టవలసిన మామిడాకుల వైపు తిరిగి ఉన్నాడు.

దసరాకు ముందే కత్తి అయింది. జయతీర్థ గారు దాని పక్కల మీది గీతలను వెలుగులో తిప్పి తిప్పి చూశారు, ఒక ఉల్లిగడ్డ కోశారు, మిత్రులకు ఫోన్లు చేశారు. కొలిమికి తాళం పడలేదు. ఆయుధ పూజ నాడు మంజమ్మ సమ్మెటకు బొట్టు పెట్టి, మొగుడికి కూడా ఒకటి పెట్టింది. ఆఫీసులో కొత్త గేటుకు పెట్టారు.

వార్షిక తనిఖీలో, కొత్త గేటు వచ్చిననాటి కంటే ఇరుకైనట్టు విభాగం గమనించింది. కోసినట్టు దస్త్రంలో లేదు గనుక తుప్పే కారణమని నిర్ధారించింది. తుప్పు ఇంత తిన్నగా, రంపం పెట్టినట్టు పట్టడం అరుదని కూడా ఒప్పుకున్నది. బాధ్యులెవరో తేల్చడానికి దస్త్రాలన్నీ వెదికించింది. ఆ పెరట్లోంచి ఇనుము తీసుకుపోయినవారి పేర్లు ఎక్కడా లేవు. (గేటుకు ఒకప్పుడు రెండో రెక్క కూడా ఉండేది.) ఇనుము కావాలని అడిగినవాడి పేరు మాత్రం ఒకటి ఉన్నది.

నోటీసు అతనికే పంపారు.