తొమ్మిది కంటే చిన్నదైన పది

పాత టెస్టులను పీకి పారేయమనేవాళ్ల మాట వినకండి! అవి ఉండబట్టే లోకంలో ఇంతమంది నిశ్చింతగా ఉద్యోగాలు చేసుకుంటున్నారు. సాక్ష్యం కావాలా? టెస్టుల అక్క సంగతి వినండి.

కంప్యూటరు లోపల మిగతా ప్రోగ్రాములన్నిటి మీదా పెత్తనం చేసేదాన్ని కెర్నల్ అంటారు. అక్క పనిచేసే కంపెనీ దాన్నే తయారుచేస్తుంది. అది సరిగ్గా ఉందో లేదో చూసే టెస్టులు రాయడం అక్క పని. షరతు ఒక్కటే. ఈ ఉదయం రాసిన టెస్టు కూడా పదిహేనేళ్ల నాటి కెర్నల్ మీద నడవాలి!

అందుకే ప్రతి టెస్టూ ముందు కెర్నల్ వయసు, అంటే దాని నంబరు, అడుగుతుంది. నంబరు చిన్నదై పాతదైతే, కొత్త విద్యలు దానికి రావు కాబట్టి, "పెద్దవారు, మీకు పరీక్షేమిటండీ, కూర్చోండి!" అని ఆకుపచ్చ టిక్కు పెట్టి పంపేస్తుంది. ఎంత సంస్కారం! మనుషుల్లో ఉందా ఇది?

తొమ్మిది వందల లైన్ల టెస్టులో అసలు పరీక్ష నలభై లైన్లు. మిగతాదంతా మర్యాదలే. అక్కకు విసుగెత్తి, ఒక సోమవారం ఆ మర్యాదలన్నీ కోసి పారేసింది.

మర్నాడు పొద్దున్నే ఫోను. ఊరికి నీళ్లు తోడే పంప్‌హౌస్ ఆపరేటరు. పాత కెర్నల్‌తోనే పంపులు నడుపుతూ, రోజూ కంపెనీ టెస్టులు వేసి చూసుకునే మనిషి.

"అమ్మా, అన్నీ ఎర్రగా వస్తున్నాయి. కెర్నల్ పోయినట్టేనా? పంపులు ఆపేయమంటారా? ట్యాంకులో గంటకు సరిపడా నీళ్లే ఉన్నాయి."

"అయ్యో, ఆపకండి! మీదేం తప్పులేదు, నాదే. పది నిమిషాలు ఆగండి."

అక్క తను కోసిన లైన్లు గబగబా మళ్లీ అతికించింది. అవతల అంతా పచ్చబడింది. "చల్లగా ఉండమ్మా" అని ఆయన ఫోను పెట్టేశాడు.

అతికించేటప్పుడే ఒక లైను అక్క కంటపడింది. తొమ్మిదో నంబరు కంటే చిన్న కెర్నల్‌ను వదిలేయమంటుందది. బాగానే ఉంది. కానీ అంకెలను నిఘంటువులో మాటల్లా పోలుస్తోంది! ఒకటితో మొదలవుతుంది కాబట్టి, దాని లెక్కలో పది తొమ్మిది కంటే చిన్నది.

శుక్రవారం విడుదల కావలసిన కొత్త కెర్నల్ నంబరు పది.

అంటే తయారీ మొదలైన రెండేళ్లుగా ఆ పసికూనను ముత్తాత అనుకుని కుర్చీ వేసి కూర్చోబెట్టారు! ఒక్క పరీక్షా రాయలేదు, అన్నిట్లోనూ ఫస్టు క్లాసు.

అక్క లైను సరిచేసింది. నలభై మూడు ఎర్ర గుర్తులు. మధ్యలో కరెంటు పోతే దాచుకున్న ఫైళ్లన్నీ ఖాళీ. ఆ ఫలితాల కాగితం పట్టుకుని మేనేజరు గదికి పరుగెత్తింది.

"నిన్నటిదాకా పచ్చగానే ఉంది కదా?" అన్నాడాయన.

"ఇన్నాళ్లూ పరీక్షే పెట్టలేదు సార్!"

"మరి ఇప్పుడెందుకు పెట్టావ్?"

అక్క కాగితం ఆయన ముందు పెట్టింది. మేనేజరు గొంతు తగ్గించాడు. "చూడమ్మా, పాతదాన్ని చెడగొట్టకూడదన్నది మన నియమం. నిన్నటి పచ్చదనం పాతదే కదా? దాన్ని కాపాడు."

అక్క కాపాడలేదు. బయటికొచ్చి పంప్‌హౌస్‌కు ఫోను చేసింది. "శుక్రవారం వచ్చే కొత్తదాన్ని ఎక్కించకండి. ఎందుకో కాగితం మీద పంపిస్తాను."

ఆ ఆపరేటరు తనకు తెలిసిన ఆపరేటర్లందరికీ చెప్పాడు. గురువారం సాయంత్రానికి కొత్త కెర్నల్ మాకొద్దంటే మాకొద్దని ఉత్తరాలు గుట్టపడ్డాయి. విడుదల ఆగింది. మరమ్మతులకు ఆరు నెలలు పట్టింది. ఈలోగా ఏ ఊళ్లోనూ కుళాయి ఎండలేదు.

కంపెనీ ఊరుకుంటుందా? విచారణ జరిపింది. అక్కకు హెచ్చరిక లేఖ ఇచ్చింది.

నేరం: అనుమతి లేకుండా టెస్టు చదవడం!